చౌక ఇంజను ఎవరికి చౌక?

సైకిలుకు బిగించుకునే చైనా పెట్రోలు ఇంజను చౌకగా వస్తోందంటే, కూలికి రోజూ ఏడెనిమిది మైళ్లు తొక్కే మనిషికి ఆశ పుట్టడం తప్పు కాదు. అయితే దాని ఆయుష్షు సంగతి అమ్మేవాడు చెప్పడు.

80 సి.సి. అంటారు. సిలిండరు వెడల్పు 47 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 38. లెక్కగట్టి చూడండి, 66 దాటదు. కొలతలోనే దగా! ఇది టూ-స్ట్రోక్ ఇంజను. పెట్రోల్లో కలిపిన ఆయిలే పిస్టనుకూ బేరింగులకూ ఆధారం. నాలుగు పైసలు మిగులుతాయని ఆయిలు తగ్గిస్తే పిస్టను పట్టేస్తుంది. మరీ ఎక్కువైతే సైలెన్సరు మసితో పూడుకుపోతుంది. అదురుకు నట్లు వదులవుతాయి, వెనక చక్రం స్పోకులు తెగుతాయి. రోజూ స్పానరు పట్టి బిగించుకునేవాడి బండి నడుస్తుంది. మిగతావాళ్లది దారిలో ఆగుతుంది. ఆగిన రోజు కూలి ఎవడిస్తాడు?

సైకిలు బ్రేకులు ఆ వేగానికి చేసినవి కావు. పైగా 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇంజను 25 సి.సి. దాటితే అది మోటారు బండే. రిజిస్ట్రేషను, లైసెన్సు, బీమా అన్నీ కావాలి. ఈ ముక్క దుకాణంలో చెప్పరు, రోడ్డు మీద పోలీసు చెబుతాడు.

యంత్రం మీద మాకు పగ లేదు. కొనేముందు నలుగురూ కలిసి వెళ్లండి. రింగులు, గాస్కెట్లు, బేరింగులు విడిగా దొరుకుతాయా, పూచీ ఎన్నాళ్లు, అది కాగితం మీద రాసిస్తారా అని నిలదీయండి. రాసివ్వనంటే డబ్బు రొంటిన దోపుకుని తిరిగి వచ్చేయండి.