కొంగ ముందు పళ్ళెం పెట్టి "అందరికీ సమానం" అంటే ఒప్పుకుందామా?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మొన్న హాస్టల్లో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, నన్నెవరూ తిట్టలేదు, పక్కన కూర్చోవద్దనలేదు. మరి వివక్ష ఉందని ఎట్లా అంటాం?" ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయా. ఇప్పుడు చెప్తా. అందుకు ముందు అమెరికాలో నల్లజాతి కార్మికులు గెలిచిన ఒక కేసు గురించి తెలుసుకోవాలి.

నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ అనే కరెంటు కంపెనీ ఉండేది. దాని ప్లాంటులో ఐదు విభాగాలు. నల్లవాళ్ళకి లేబర్ విభాగం ఒక్కటే దిక్కు. అక్కడ అందరికన్నా ఎక్కువ జీతం తీసుకునేవాడికి కూడా, మిగతా విభాగాల్లో అందరికన్నా తక్కువ తీసుకునేవాడి కంటే తక్కువే వచ్చేది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే భాగం 1965 జులై 2న అమల్లోకి వచ్చింది. ఇక రంగు చూసి ఆపడం కుదరదు. మంచి విభాగాలకి హైస్కూల్ సర్టిఫికెట్ ఉండాలన్న రూలు కంపెనీలో అప్పటికే ఉంది. సరిగ్గా ఆ జులై 2నే, కొత్తగా చేరేవాళ్ళు రెండు పరీక్షలు కూడా పాస్ కావాలని పెట్టారు.

రూలు అందరికీ ఒక్కటే. అందులో "నల్లవాడు" అన్న మాటే లేదు. కానీ 1960 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలో హైస్కూల్ పూర్తి చేసిన తెల్ల మగవాళ్ళు 34 శాతం, నల్ల మగవాళ్ళు 12 శాతం. తరతరాలుగా వాళ్ళని వేరే బళ్ళల్లో, నాసిరకం చదువుతో ఉంచారు కాబట్టి ఆ తేడా. ఇంకో సంగతి, సర్టిఫికెట్ లేకుండా పాత రోజుల్లో చేరిన తెల్లవాళ్ళు అవే పనులు చక్కగా చేస్తూనే ఉన్నారు. అంటే ఆ పనికి ఆ సర్టిఫికెట్ అవసరమే లేదు.

విల్లీ గ్రిగ్స్‌తో కలిపి 13 మంది కోర్టుకెళ్ళారు. 1971 మార్చి 8న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. యజమాని మనసులో ద్వేషం ఉందా లేదా అన్నది కాదు, రూలు వల్ల ఎవరు బయట ఆగిపోతున్నారో చూడాలంది. పరీక్షలు పెట్టొద్దని అనలేదు. పనితో సంబంధం ఉందని చూపించి పెట్టుకోమంది. ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ ఆ తీర్పులో మనం చిన్నప్పుడు విన్న నక్క, కొంగ కథనే గుర్తుచేశారు. ఇద్దరికీ పాలు పోశాం అంటే చాలదు, ఆ గిన్నెలో ఇద్దరూ తాగగలగాలి.

దీన్నే పరోక్ష వివక్ష అంటారు. ఇక్కడ అధికారం ఎవరిదంటే, గిన్నె ఏ ఆకారంలో ఉండాలో నిర్ణయించేవాడిదే.

ఇదేదో అమెరికా సంగతి అనుకోకండి. 2021 మార్చిలో మన సుప్రీంకోర్టు నితీష కేసులో ఈ తీర్పునే ప్రస్తావిస్తూ పరోక్ష వివక్షని గుర్తించింది. సైన్యంలో మగ అధికారులకి సర్వీసు తొలి ఏళ్ళలో చూసే ఆరోగ్య ప్రమాణాన్నే, ఎన్నో ఏళ్ళు హక్కు దక్కక వయసు పైబడిన మహిళా అధికారులకీ పెట్టారు. అది సమానత్వం కాదని కోర్టు తేల్చింది.

ఇప్పుడు మన జీవో నం.3 దగ్గరికి వద్దాం. ఏజెన్సీలో టీచర్ పోస్టులు వంద శాతం స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో ఇచ్చిన జీవో అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. వంద శాతం అన్నది మిగతావాళ్ళ సమాన అవకాశాన్ని కాలరాస్తుందన్నది కోర్టు వాదన. ఆ వాదనలో అసలు బలం లేదని నేననను. కానీ నా ప్రశ్న వేరే. ఒకటో తరగతిలో కోయ, సవర, గోండి మాత్రమే తెలిసిన పిల్ల కూర్చుంటుంది. ఆ పిల్ల భాష తెలియడం టీచర్ పనికి అర్హత కాదా? తెలుగులో వచ్చిన మార్కులు మాత్రమే అర్హతా? పనికి కావాల్సినదాన్ని లెక్కలోకే తీసుకోకుండా "మెరిట్" అంటే, అది కొంగ ముందు పెట్టిన పళ్ళెమే.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ హక్కు గెలిచాం కదా అని ఊరుకుంటే నిలవదు. 1976లో అదే అమెరికా కోర్టు ఇంకో కేసులో, రాజ్యాంగం కింద అడగాలంటే వివక్ష చేయాలన్న ఉద్దేశం కూడా నిరూపించాలంది. కోపం ఒక్కటే ఉంటే కోర్టులో నిలబడదు. గ్రిగ్స్ వాళ్ళకి కోపంతో పాటు 34, 12 అన్న లెక్క కూడా ఉంది.

మన దగ్గర ఆ లెక్క లేదు. అందుకే అడుగుతున్నా. ప్రతి నోటిఫికేషన్‌కీ మన మండలం నుంచి ఎంతమంది అప్లై చేశారు, ఎంతమంది ఎక్కడ ఆగిపోయారు, సర్టిఫికెట్ దగ్గరా, సిగ్నల్ లేక ఆన్‌లైన్ ఫారం దగ్గరా, భాష దగ్గరా... ఊరూరా రాసిపెడదాం. నోటుబుక్కులో రాసినా చాలు.

తమ్ముడూ, నిన్నెవరు తిట్టారని ఇక నేను అడగను. నువ్వు ఏ రూలు దగ్గర ఆగిపోయావో చెప్పు. మొదటి లైను నీదే రాద్దాం.

జై ఆదివాసీ!