డిజిటల్ చేస్తే దాచినట్టేనా?

డిజిటల్ యుగంలో ప్రసార సంస్కృతిని ఆదుకోవాలని ఫౌండేషన్ల పెద్దలు అంటుంటారు. కాదనేదెవరు? డబ్బులు ఎక్కడ పెట్టాలన్న దగ్గరే నాకు పేచీ.

జపాన్ సంగతే చూడండి. అక్కడ ఎన్‌హెచ్‌కె ఇచ్చిన నిధితో 1974లో హోసో బుంకా ఫౌండేషన్ పుట్టింది. ప్రసారాల మీద పరిశోధనకి సాయం చేస్తుంది, మంచి కార్యక్రమాలకి అవార్డులిస్తుంది. బావుంది. కానీ అదే ఎన్‌హెచ్‌కె 1963లో వేసిన మొట్టమొదటి 'తైగా' చారిత్రక సీరియల్ 'హనా నో షోగై'లో మిగిలింది మొదటి ఎపిసోడ్ ఒక్కటే! అప్పట్లో వీడియో టేపు బాగా ఖరీదు. చెరిపేసి మళ్ళీ వాడుకునేవాళ్ళు. తర్వాత, ఇళ్ళల్లో రికార్డు చేసుకున్న పాత టేపులుంటే ఇమ్మని ప్రేక్షకుల్నే అడగాల్సి వచ్చింది.

టేపుల కాలం పోయింది, ఇప్పుడు హార్డ్ డిస్కు చవకే కదా అంటారా? ఆ మాట మన ఫీల్డు వాళ్ళ దగ్గర అనకండి. బ్యాకప్ ఉందిలే అనుకుని, తీరా రిస్టోర్ చేయబోతే ఫైలు తెరుచుకోక చెమటలు పట్టనిదెవరికి? ఫార్మాట్లు మారతాయి, సర్వర్లు మారతాయి, పాస్‌వర్డ్ తెలిసినాయన ఉద్యోగం మారతాడు. ఫైలు దొరికినా, అందులో గొంతు ఎవరిదో రాసిపెట్టకపోతే ఏం లాభం?

కాబట్టి అయ్యా, కొత్త యాప్‌కి రిబ్బన్ కత్తిరించడం కాసేపు ఆపండి. ఏటా కాపీలు సరిచూసేవాళ్ళకీ, కేటలాగు రాసేవాళ్ళకీ జీతాలివ్వండి. హక్కుల చిక్కుముడి విప్పి జనానికి వినిపించండి. 1948లో మొదలైన మన విజయవాడ రేడియో కేంద్రానికైనా ఇదే లెక్క. ఎవరో శ్రోత ఇంటి అటక మీద క్యాసెట్టు దొరికితే తప్ప పాత నాటకం వినలేని రోజొస్తే, ఆ తప్పు టెక్నాలజీది కాదు, నిధులు చేతిలో ఉన్నవాళ్ళది.