ఖాళీ కవరుకూ ఒక ధర కట్టండి

పావగడలో చిల్లర అంగడి నడిపేవాణ్ని. పొద్దున్నే చెత్తబండి మైకులో పాట పెట్టుకుని వస్తుంది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమంటుంది, మంచిదే. కానీ ఈమధ్య సభల్లో ‘పాతవి పారేయకండి, మళ్ళీ వాడండి’ అని మా తాలూకా ఆడవాళ్ళకు పాఠం చెప్పేవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది. నూనె డబ్బా మూత కోసి, కట్టె పిడి వేయించి నీళ్ళు మోసిన ఊళ్ళివి.

బొంత కుట్టడం ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. మెత్తబడ్డ నూలు చీరలు నాలుగైదు ఒకదాని మీదొకటి పరుస్తారు. చిరుగులున్నవి నడుమకు పోతాయి, రంగు నిలిచింది పైకొస్తుంది. మూలల్లో రాళ్ళు పెట్టి ముడతల్లేకుండా లాగి, అంచు నుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ కుట్టుకొస్తారు. ఆ బొంత కూడా చిరిగితే గడప దగ్గర కాళ్ళు తుడుచుకునే గుడ్డ అవుతుంది.

ఇప్పుడు బొంతలు తగ్గాయంటే ఆడవాళ్ళకు ఒళ్ళు బరువెక్కి కాదు. మా తాలూకాలోనే వై.ఎన్.హొసకోటలో మగ్గాల మీద పట్టుచీరలు నేస్తారు. రోజూ ఒంటి మీదుండేది మాత్రం సూరత్ పాలిస్టరు. అది జారిపోతుంది, చెమట పీల్చదు, బొంతకు పనికిరాదు. దానికి మిగిలిన కొలువు శెనక్కాయ చేను చుట్టూ కాపలా. అడవిపందులు రాకుండా కట్టెలు పాతి వరసగా చీరలు కడతారు. ఇదీ మళ్ళీ వాడటమే కదా అంటారు, కాదనను. అయితే ఎండకు పెళుసెక్కి, పీలికలై, చివరికి ఆ మట్టిలోనే పడుతుంది. పత్రికల్లో ఫొటో పడేది కట్టిన కొత్తలోనే.

నా వ్యాపారం సంగతీ చెప్పాలి. మా నాయన కాలంలో అంగట్లో నూనె డ్రమ్ము, కొలపాత్ర ఉండేవి. గిరాకీలు సీసా తెచ్చుకునేవాళ్ళు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బలురక్కసి గింజల నూనె కలిసి 60 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడే కేంద్రం వంటనూనెను ప్యాక్ చేసే అమ్మాలని ఉత్తర్వు తెచ్చింది. బలురక్కసి మా గట్ల మీదా మొలుస్తుంది కాబట్టి ఆ భయాన్ని కొట్టిపారేయను. కానీ ఆ ఉత్తర్వు వెంట వచ్చిన కవరు ఎక్కడికి పోవాలో ఎవరూ ఆలోచించలేదు. జిడ్డు కవరును పాతసామాన్ల వాడు కూడా ముట్టడు.

గానుగ దగ్గర ఆ బాధ లేదు. రైతు తన కాయలు తనే తెచ్చి ఆడించుకుంటాడు. నూనె తన క్యానులో, చెక్క తన పశువులకు. అక్కడ పారేసేదేముంది?

ఇక నీళ్ళ క్యాను. మా నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, అందుకే క్యాను నీళ్ళు లేని వీధి లేదు. ఇరవై లీటర్ల ఆ క్యాను మోరీలో పడి ఉండటం ఎప్పుడైనా చూశారా? ఖాళీది తెస్తేనే నిండుది ఇస్తారు, లేదంటే అడ్వాన్సు కట్టాలి. పర్యావరణం మీద ఒక్క ఉపన్యాసం లేకుండా, పగిలిపోయేదాకా అది తిరుగుతూనే ఉంటుంది.

ఇదే లెక్క మిగతా వాటికీ పెట్టమంటాను. నీలగిరుల్లో 2022 నుంచి ప్రభుత్వ సారాయి దుకాణాల్లో సీసాకు 10 రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ సీసా ఇస్తే తిరిగిస్తున్నారు. అడవిలో పగిలిన సీసాలు ఏనుగుల కాళ్ళకు గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు పట్టుబట్టాకే అది మొదలైంది. తాగినవాడు సీసా తెచ్చిస్తున్నాడంటే, నూనె కొన్న ఇల్లాలు డబ్బా తెచ్చివ్వదా? నూనె, షాంపూ, సర్ఫు దేనికైనా సరే, గట్టి డబ్బాలో పోసి, దాని మీద అడ్వాన్సు అచ్చువేసి అమ్మమనండి. కవరే కావాలంటే దానికీ రూపాయో రెండో కట్టమనండి. ప్లాస్టిక్ చెత్త బాధ్యత తయారీదారుదేనని 2016 నిబంధనల్లో ఉండనే ఉంది. మా వీధిలో మాత్రం ఆ బాధ్యత మోసేది చెత్తబండి వెనక నిలబడే కార్మికుడు.

అంగళ్ళవాళ్ళు ఒప్పుకోరని అంటారు. చిల్లర లెక్కలతో మాకు తలనొప్పి పెరుగుతుంది, నిజమే. డబ్బాకు ఇంత అని మాకూ కమిషన్ ఇస్తే ఓ మూల గోనెసంచి పెట్టి పోగుచేస్తాం. తీసుకుపోయేందుకు వేరే బండి కూడా అక్కర్లేదు. సరుకు దింపే వ్యాను ఎటూ ఖాళీగానే వెనక్కి పోతోంది.