ఈసారి మంచులో మీరూ పడండి



సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయి. మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల మాట అయ్యాక చాలామంది, “ఈసారి పిల్లలకి మంచు చూపిద్దామనుకుంటున్నాం మేడం, ఇంకో రెండు రోజులు లీవ్ ఇస్తారా?” అని అడిగారు. లీవ్ సంగతి ప్రిన్సిపల్ గారు చూసుకుంటారు. నేను అడిగేది వేరే. అక్కడికెళ్లాక పిల్లల్ని స్కీయింగ్ నేర్చుకోమని పంపిస్తారు కదా, మరి మీరేం చేస్తారు?

“మాకెందుకు మేడం, మేం వీడియో తీస్తాం” అన్నారు ఒక నాన్నగారు నవ్వుతూ. 2023 సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లోవాళ్లం కూడా సరిగ్గా అదే చేశాం. అందుకే ఇది రాస్తున్నాను.

అన్నయ్య, వదిన, వాళ్ల పిల్లలిద్దరు, నేను కలిసి గుల్మార్గ్ వెళ్లాం. మా ట్రావెల్ ఏజెంట్ ప్యాకేజీలో ‘స్కీయింగ్ కూడా ఉంది’ అన్నాడు. తీరా చూస్తే అరగంట అద్దె స్కీలు, చెయ్యి పట్టుకుని లాగే ఒక మనిషి, నాలుగు ఫొటోలు. అంతే. తొమ్మిదేళ్ల మా మేనల్లుడు మూడుసార్లు పడ్డాడు. నాలుగోసారి లేవనన్నాడు. “లే నాన్నా, ఏం కాదు, ట్రై చెయ్” అని అన్నయ్య ఫోన్ పట్టుకునే అరుస్తున్నాడు. వాడు మంచులో కూర్చునే ఒక మాట అన్నాడు: “నువ్వు చెయ్యట్లేదుగా నాన్నా, నీకేం తెలుసు?”

మాలో ఎవరి దగ్గరా దానికి జవాబు లేదు.

ఆ రాత్రి హోటల్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. మర్నాడు పెద్దవాళ్లం ముగ్గురం కూడా క్లాసులో చేరాం. అన్నయ్య మొదటి పది నిమిషాల్లోనే ఐదుసార్లు పడ్డాడు. మేనల్లుడు పడీపడీ నవ్వాడు. కాసేపటికి నవ్వడం మానేసి, వాలు పక్కన నిలబడి “నాన్నా, పిజ్జా... పిజ్జా!” అని అరవడం మొదలుపెట్టాడు. స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక భాగం దూరంగా పెడితే పిజ్జా ముక్క ఆకారం వస్తుంది, వేగం తగ్గుతుంది. అక్కడ పిల్లలకి అలాగే నేర్పుతారు. వాడికి అది అప్పటికి గంట ముందే తెలిసింది. నాన్నకి నేర్పే అవకాశం వాడికి పుట్టాక అదే మొదటిసారేమో. ముందురోజు లేవనన్న పిల్లాడు ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి రమ్మంటే రాలేదు.

క్లాసులో నేను చూసేది

నేను ఇంగ్లిష్ చెప్తాను. ‘మా అబ్బాయికి అన్నీ వచ్చు మేడం, కానీ నోరు తెరవడు’ అనే మాట ప్రతి మీటింగ్‌లో వింటాను. నిజమే, వాళ్లకి వచ్చు. తప్పు మాట్లాడతామేమో, పక్కవాళ్లు నవ్వుతారేమో అని నోరు తెరవరు. నాకు అర్థమైనంత వరకు కారణం ఒకటుంది. పిల్లలు మనల్ని ఎప్పుడూ వచ్చిన పని చేస్తుండగానే చూస్తారు. అమ్మ వంట చేస్తుంది, నాన్న కారు నడుపుతాడు, టీచర్ పాఠం చెప్తుంది. మనకి రాని పని దగ్గరకి మనం వెళ్లం. వెళ్లినా పిల్లల ముందు వెళ్లం. అందుకే పెద్దవాళ్లంటే తప్పులు చెయ్యనివాళ్లు అని పిల్లలు అనుకుంటారు. ‘ట్రై చెయ్, తప్పయినా పర్వాలేదు’ అని మనం ఎన్నిసార్లు చెప్పినా, ఆ పర్వాలేదనడం ఎలా ఉంటుందో వాళ్లు కళ్లతో చూడలేదు.

మంచు మీద ఆ తేడా ఉండదు. చదువు, ఉద్యోగం, హోదా అక్కడ అక్కరకి రావు. వరంగల్ నుంచి వెళ్లినా, విజయవాడ నుంచి వెళ్లినా అందరం ఒకటో తరగతే. ఖర్చు పెట్టి అంత దూరం వెళ్తున్నప్పుడు ఆ అవకాశం వదులుకోకండి అని నా మనవి.

అయితే దానికి ముందు నుంచే కొంచెం ఏర్పాటు కావాలి. మేం తెలియక చేసిన పొరపాట్లు మీరు చెయ్యకుండా, మాకు తెలిసినవి ఇక్కడ చెప్తాను.

రోజుల లెక్క

వేసవి సెలవుల్లో వెళ్తే గుల్మార్గ్‌లోనో, మనాలి దగ్గర సోలాంగ్‌లోనో పచ్చిక కనిపిస్తుంది, నేర్చుకునే వాలుల మీద మంచు ఉండదు. జనవరి, ఫిబ్రవరి నెలలే సరైనవి. అవి కూడా ఖాయం కాదు. మేం వెళ్లొచ్చిన మరుసటి ఏడాది, 2024లో, సంక్రాంతి రోజుల్లో గుల్మార్గ్‌లో మంచే లేదు. జనవరి చివర్లో గానీ పడలేదు. కాబట్టి తేదీలు మార్చుకోగలిగేలా టికెట్లు, హోటల్ బుక్ చేసుకోండి. బయల్దేరే ముందు అక్కడి వాతావరణం, రోడ్లు, భద్రత ఎలా ఉన్నాయో హోటల్ వాళ్లకి ఫోన్ చేసి కనుక్కోండి.

శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు. మంచు ఎక్కువగా ఉంటే తంగ్‌మార్గ్ దగ్గర చక్రాలకి గొలుసులు కట్టిన బండిలోకి మారాల్సి వస్తుంది. కాబట్టి చేరిన రోజు క్లాసు పెట్టుకోకండి. పైగా గుల్మార్గ్ సముద్రమట్టానికి 2,600 మీటర్లకి పైనే ఉంది. మొదటి రోజు మెట్లెక్కినా ఆయాసం వస్తుంది. ఆ రోజు నీళ్లు బాగా తాగి, విశ్రాంతి తీసుకోండి. తర్వాత వరసగా మూడు రోజులు, రోజుకి రెండేసి గంటలు క్లాసుకి ఉంచుకోండి. ఒక్క రోజుతో పెద్దవాళ్లకి పడటం మాత్రమే వస్తుంది. ఆగడం రెండో రోజు, తిరగడం మూడో రోజు వస్తాయి. నా విషయంలో అలాగే జరిగింది.

ఇంకోటి, మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచెయ్యవు. ఇంట్లో కనీసం ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండేలా చూసుకోండి.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి

సెలవులు ఎక్కువ ఉన్నవాళ్లకి ప్రభుత్వ సంస్థలున్నాయి. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పేరు మీదున్న పర్వతారోహణ సంస్థ, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ కూడా స్కీయింగ్ కోర్సులు నడుపుతాయి. అవి రోజుల తరబడి సాగే కోర్సులు, తేదీలు వాళ్లు పెట్టినవే. నాలుగు రోజుల కుటుంబ యాత్రకి కుదరవు.

మనలాంటివాళ్లకి గంటలకో, రోజుకో మాట్లాడుకునే ఇన్‌స్ట్రక్టరే దిక్కు. బండి దిగగానే చుట్టుముట్టేవాళ్లలో ఎవరో ఒకరికి ఒప్పుకోకండి. హోటల్ వాళ్ల ద్వారా ముందే మాట్లాడుకుని ఈ నాలుగూ అడగండి. పర్యాటక శాఖ రిజిస్ట్రేషన్ ఉందా? ఒక్కరికి ఎంతమందిని అప్పజెప్తారు? చెప్పిన రేటులో స్కీలు, బూట్లు, హెల్మెట్ కలిపేనా? పెద్దవాళ్లకి విడిగా చెప్తారా?

ఆ చివరి ప్రశ్న ముఖ్యం. పిల్లలు చూసి నేర్చుకుంటారు, పెద్దవాళ్లకి విడమరిచి చెప్పాలి. ఒకే గుంపులో కలిపితే ఇద్దరికీ సరిగా అందదు. పక్కపక్క వాలుల మీద వేరువేరు క్లాసులైతే బాగుంటుంది, ఒకరికొకరు కనిపిస్తుంటారు. భార్యాభర్తలు ఒకరికొకరు నేర్పే ప్రయత్నం మాత్రం వద్దు. మా అన్నయ్య, వదిన పది నిమిషాలు ప్రయత్నించి మధ్యాహ్నం దాకా మాట్లాడుకోలేదు.

బూట్లు, బట్టలు, బరువు

చలి అని వదిన రెండు జతల ఉన్ని సాక్స్ వేసుకుంది. గంటలో పాదాలు తిమ్మిరెక్కి నొప్పి మొదలైంది. ఒక్క జత చాలు, అదీ పొడవాటిది. స్కీ బూటు గట్టిగానే ఉండాలి. మోకాలు ముందుకి వంచినప్పుడు మడమ పైకి లేవకూడదు. లేస్తే బూటు మార్చమని అడగండి, మొహమాటపడకండి.

బరువు అడిగితే నిజం చెప్పండి. పడినప్పుడు బూటు నుంచి స్కీ ఊడిపోయే బిగింపుని మన బరువుని బట్టి సరిచేస్తారు. అన్నయ్య వదిన ముందు ఎనిమిది కిలోలు తగ్గించి చెప్పాడు. దాంతో స్కీ ఊరికే ఊడిపోయేది. ఎక్కువ చెప్తే ఇంకా ప్రమాదం, ఊడాల్సినప్పుడు ఊడదు, దెబ్బ మోకాలికి తగులుతుంది.

జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. నీళ్లు దిగని ప్యాంటు, గ్లవ్స్ అక్కడే అద్దెకి దొరుకుతాయి. మంచు మీద ఎండ తిరిగి మొహానికి కొడుతుంది, కాబట్టి కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ తప్పనిసరి.

‘ఈ వయసులో ఎముక విరిగితే?’

ఈ భయం సమంజసమే. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా దిగొద్దు. డాక్టర్ వద్దంటే వద్దు, ఒడ్డున కూర్చుని చూడటంలో తప్పు లేదు. మిగతావాళ్లు నెల ముందు నుంచి రోజూ కాసేపు నడవండి, ఇరవై గుంజీళ్లు తియ్యండి. తొడలకి బలం వస్తుంది. పిల్లలకి ఈ సలహా భలే నచ్చుతుంది.

మంచి ఇన్‌స్ట్రక్టర్ మొదటి గంటలో ఎలా పడాలో, ఎలా లేవాలో నేర్పుతాడు. వెనక్కి కాకుండా పక్కకి పడాలి. లేచేముందు స్కీలని వాలుకి అడ్డంగా పెట్టుకోవాలి. అలసిపోయాక ‘ఆఖరిసారి ఒక్కటి’ అనుకోవడం, రెండో రోజుకే పెద్ద వాలు ఎక్కడం, ఈ రెండింటి దగ్గరే జాగ్రత్త. గొండోలా మీద అఫర్వత్ దాకా వెళ్లండి, చూడండి, అదే గొండోలాలో దిగిరండి. మన క్లాసు కిందున్న చిన్న వాలుల మీదే. మీ ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో స్కీయింగ్ ఉందో లేదో కూడా బయల్దేరే ముందే చూసుకోండి.

2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి వెళ్లిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ గుల్మార్గ్ మంచు మీదే స్కీయింగ్ నేర్చుకున్నారు. పిల్లలకి ఆయన గురించి చెప్పండి. మనం ఆయనంత కానక్కర్లేదు. పడి లేస్తే చాలు.

అందరూ మంచుకి వెళ్లలేరని నాకు తెలుసు. వెళ్లనివాళ్లకి కాలనీలో స్విమ్మింగ్ పూల్ ఉంటుంది, మూలన పిల్లల సైకిల్ ఉంటుంది, నాలాంటి టీచర్ భయపెట్టే ఇంగ్లిష్ ఉంటుంది. మీకు రానిదేదైనా సరే, పిల్లల ముందు మొదలుపెట్టండి. కానీ మంచుకి వెళ్లేవాళ్లు మాత్రం ఫోన్ ఇంకెవరికైనా ఇచ్చి స్కీలు కట్టుకోండి.

మా అన్నయ్య ఫోన్‌లో ఆ రోజు వీడియో ఇప్పటికీ ఉంది. తీసింది మా మేనల్లుడు. అందులో వెనక నుంచి వాడి గొంతు వినిపిస్తుంది: “పర్లేదు నాన్నా, ఇంకోసారి ట్రై చెయ్.”

సెలవులయ్యాక మీ పిల్లలు మా క్లాసులో ‘మా నాన్న పడ్డాడు మేడం’ అని చెప్తే నేను చాలా సంతోషిస్తాను. ఇంగ్లిష్‌లో తప్పులతో చెప్పినా సరే.

మీ ఇంగ్లిష్ టీచర్