వ్యాసంగం ఆయనది, కాలక్షేపం నాది

ఇల్లు మారడానికి రెండు రోజుల ముందు, సామాను తరలించే కంపెనీ నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. అట్టకి కాగితం తగిలించుకుని గదిగదీ తిరిగి రాసుకున్నాడు. చివర్లో సంతకం పెట్టమని ఆ కాగితం నా చేతికిచ్చాడు. మంచాలు 3, బీరువాలు 4, ఫ్రిజ్ 1. తర్వాత ‘కిచెన్ – 22 పెట్టెలు’. దాని కింద ‘సార్ హాబీ – 14 పెట్టెలు, జాగ్రత్త’. అన్నిటికన్నా చివర ‘ఇతరాలు – 9’.

“ఆ ఇతరాల్లో ఏమున్నాయి బాబూ?” అని అడిగాను.

“పాత పుస్తకాలు, ఊలు, గుడ్డలు, నోటుబుక్కులు… అలాంటివి మేడం. అవి పారేసేవేగా?” అన్నాడు.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. 36 ఏళ్ళుగా ఆ ఇంట్లో ఏ వస్తువుకి ఏ విలువ ఉందో రెండు గంటల్లో చదివేశాడు. ఏ వస్తువు ఎక్కడుందో చూసి చదివాడు. సార్ వస్తువులకి గది ఉంది, గదికి తలుపుంది, తలుపుకి గొళ్ళెం ఉంది. నా వస్తువులు అటక మీద, మంచం కింద, బియ్యం డ్రమ్ము వెనక, కుట్టుమిషను సొరుగులో చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటన్నిటినీ కలిపితే 9 పెట్టెలయ్యాయి. వాటి పేరు ‘ఇతరాలు’.

1988లో కట్టుకున్న ఆ ఇంటిని డెవలప్‌మెంటుకి ఇచ్చాం. మూడు పడగ్గదులు, వరండా, పెరడు ఉన్న ఇంట్లోంచి రెండు గదుల అపార్ట్‌మెంటులోకి వెళ్ళాలి. సగం సామాను తగ్గించక తప్పదు. ఎవరి సగం అన్నదే ప్రశ్న.

మా ఆయన మంచి ఫొటోగ్రాఫరు. ఉద్యోగం వేరే అయినా ఆయనకి ప్రాణం కెమెరాలే. మా స్టోరు రూముని 1990లో డార్క్‌రూమ్‌గా మార్చుకున్నారు. కిటికీ అద్దాలకి నల్లరంగు వేయించారు. లోపల ఎర్రబల్బు వెలుగుతుంటే ఎవరూ తలుపు తియ్యకూడదు. ఇంటికి చుట్టాలొచ్చినా, పిల్లకి జ్వరమొచ్చినా సరే. డిజిటల్ కెమెరా కొన్న దగ్గర్నుంచి, అంటే 2005 నుంచి, ఆ గదిలో ఎన్‌లార్జరు ఒక్కసారి కూడా వెలగలేదు. అయినా అది అక్కడే ఉంది. నాలుగు ఫిల్ము కెమెరాలు, ట్రేలు, టైమర్లు, పాడైన ట్రైపాడ్లు, రెండు పాత షార్ట్‌వేవ్ రేడియోలు, ఏడు స్టాంపుల ఆల్బములు అన్నీ ఉన్నాయి. ఇంటికొచ్చిన వాళ్ళకి ఆయన చూపించేవారు. వాళ్ళు “ఎంత మంచి కలెక్షనండీ” అనేవాళ్ళు.

నా 9 పెట్టెల్లో ఏమున్నాయో చెప్తాను. పెళ్ళికి ముందు నుంచీ వేసిన ముగ్గుల పుస్తకాలు 6. క్రోషా సూదులు, దారపు ఉండలు, ఎంబ్రాయిడరీ చట్రాలు. స్త్రీల పత్రికల పాత సంచికలు. రేడియోలో స్త్రీల కార్యక్రమానికి రాసిన ప్రసంగాల చేతిప్రతులు. అచ్చయినవీ అవనివీ కథలు. తోటి రచయిత్రులు రాసిన ఉత్తరాలు రెండు అట్టపెట్టెల నిండా. వీటిని చూసి ఎవరూ కలెక్షన్ అనలేదు. “ఎందుకండీ ఇవన్నీ దాచారు, బొద్దింకలు చేరతాయి” అన్నారు.

మన భాషలోనే రెండు మాటలున్నాయి. మగవాడు ఉద్యోగం అయ్యాక ఇష్టంగా చేసేది వ్యాసంగం. ఆడది ఇంటిపని అయ్యాక ఇష్టంగా చేసేది కాలక్షేపం. వ్యాసంగానికి పరికరాలు కావాలి, గది కావాలి, నిశ్శబ్దం కావాలి. కాలక్షేపానికి ఏమీ అక్కర్లేదు, కాలం మిగిలితే చాలు. మరి ఆ కాలం ఎవరి దగ్గర మిగిలింది? 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళు ఆడవాళ్ళలో నూటికి 81 మంది, మగవాళ్ళలో 26 మంది. ఆ చేసేవాళ్ళలో కూడా ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు ఖర్చు పెడుతుంటే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారు. నా కథలన్నీ భోజనాల బల్ల మీద రాశాను. అన్నం గిన్నె వచ్చే వేళకి కాగితాలు తీసెయ్యాలి. తీసిన ప్రతిసారీ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టాను. అందుకే అవి ఇల్లంతా చిందరవందరగా ఉన్నాయి. చోటు లేకపోవడం వల్ల వచ్చిన చిందరవందర, చివరికి నాకు పద్ధతి లేదనడానికి సాక్ష్యమయింది.

ఈ కాలక్షేపం అనే మాట ఎంత ప్రమాదకరమైనదో నాకు ముందే తెలిసుండాల్సింది. మాది నర్సాపురం ప్రాంతం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడ లేసు అల్లిక నేర్పారు. మొదట నేర్చుకున్నది క్రైస్తవంలోకి మారిన దళిత స్త్రీలు. తర్వాత అది మా కాపు ఇళ్ళల్లోకి వచ్చింది. పొలం పనికి వెళ్ళడం పరువు తక్కువ అనుకున్న ఇళ్ళల్లో ఆడవాళ్ళు అరుగు దాటకుండా అల్లిన లేసు సముద్రాలు దాటి వెళ్ళింది. మరియా మీస్ అనే జర్మన్ స్త్రీవాద పరిశోధకురాలు నర్సాపురం లేసు పనివాళ్ళ మీద 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఎగుమతి కోసం గంటలకొద్దీ పనిచేసే ఈ స్త్రీలని ‘ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులు’గా చూడటం వల్లే వాళ్ళకి అంత తక్కువ కూలి ఇవ్వడం సాధ్యమయిందని ఆమె వాదన. తీరిక అనే మాటకి డబ్బులో విలువ కట్టి చూపించిన పుస్తకమది. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరికి గుర్తింపొచ్చింది. అల్లిన చేతుల పేర్లు ఏ రిజిస్టర్లో ఉన్నాయి?

మా అమ్మ కూడా అల్లేది. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, లేసు తూచి తీసుకెళ్ళేవాడు. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే “ఊరికే కూర్చోలేక ఏదో కాలక్షేపం” అనేది. ఆ డబ్బుతోనే నా కాలేజీ ఫీజు కట్టింది. ఏజెంటుకి ఇవ్వనివి, తాను సొంతంగా కల్పించిన పువ్వులు, అంచులు, ఒక పాత దుప్పటి ముక్క మీద వరసగా కుట్టి పెట్టుకుంది. పక్కన ఒక నోటుబుక్కులో పాటలు, మధ్యమధ్యలో దారం లెక్కలు.

1993లో అమ్మ పోయింది. ఆ ఇల్లు ఖాళీ చెయ్యడానికి నాకు మూడు రోజులే సెలవు దొరికింది. ఇత్తడి సామాను అన్నయ్యలు పంచుకున్నారు. నాన్న చదివిన పుస్తకాలు ఊరి గ్రంథాలయానికి ఇచ్చాం, పేరు రాసి మరీ ఇచ్చాం. అమ్మ దుప్పటి ముక్కకి చెదలు పట్టింది. దాన్ని పెరట్లో తగలబెట్టమని చెప్పింది నేనే. నోటుబుక్కుని పాత పేపర్లతో కలిపి తూకానికి వేసింది కూడా నేనే. అప్పటికి నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్తున్నాను. ఆధారాలు లేనిదే చరిత్ర లేదని ప్రతి జూలైలో కొత్త పిల్లలకి బోర్డు మీద రాసేదాన్ని. అమ్మ చేతిపని ఆధారం అని నాకు తోచలేదు.

అందుకే ఈ విషయంలో ఆ కుర్రవాడిని గానీ, మా ఆయన్ని గానీ మాత్రమే నిందించి ఊరుకోలేను. పితృస్వామ్యం మన వస్తువుల్ని మన చేతులతోనే పారేయిస్తుంది. పారేసింది మనమే కాబట్టి నేరం ఎవరిదీ కాకుండా పోతుంది.

1986లో స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి వాళ్ళ మాటల్లోనే వినాల్సి వచ్చింది. అప్పటిదాకా రాసిన చరిత్రల్లో వాళ్ళు ‘ఇతరాలు’. భండారు అచ్చమాంబ 1902లో కథ రాసినా, మొదటి కథ ఎవరిదంటే మనం దశాబ్దాలపాటు 1910 నాటి ‘దిద్దుబాటు’ పేరే చెప్పాం. పాత ‘హిందూ సుందరి’, ‘గృహలక్ష్మి’ సంచికల కోసం ఊరూరా గ్రంథాలయాల్లో దుమ్ములో వెతికిన అనుభవం ఈ పాఠకుల్లో చాలామందికి ఉంది. 2000 ఆగస్టులో హైదరాబాదు వరదల్లో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పుస్తకాలు నీళ్ళపాలయితే మనందరం బాధపడ్డాం. బాధపడాల్సిందే. కానీ ప్రతి ఇల్లు మార్పులోనూ ఒక చిన్న వరద వస్తుంది. దాని గురించి పేపర్లో రాదు. ఎవరూ తడిసిన కాగితాలు ఆరబెట్టరు.

బెంగుళూరులో ఉన్న మా అమ్మాయి ఫోన్లో “అమ్మా, మారీ కొండో చదువు. నీకు ఆనందం ఇవ్వని వస్తువు వదిలెయ్యి. హాయిగా ఉంటుంది” అంది. చదివాను. నాకు కొన్ని సందేహాలొచ్చాయి. తిరస్కారంతో వెనక్కొచ్చిన నా కథని చేత్తో పట్టుకుంటే ఆనందం కలగదు. తోటి రచయిత్రి తన భర్త కొట్టిన సంగతి నాకు మాత్రమే రాసిన ఉత్తరం పట్టుకుంటే అసలే కలగదు. అయితే వదిలెయ్యాలా? ఆనందం ఇచ్చేవే మిగిలితే మన చరిత్రలో పెళ్ళి ఆల్బములు మాత్రం మిగులుతాయి. ఇంకో సంగతి. ఇల్లు సర్దుకోమని చెప్పే పుస్తకాలు, పత్రికల శీర్షికలు ఎక్కువగా ఆడవాళ్ళనే ఉద్దేశించి మాట్లాడతాయి. పారెయ్యడం కూడా మన ఇంటిచాకిరిలో భాగమే అయింది.

నేను చెత్తని వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. ఎడమ అయిన సామానంతా మోసుకెళ్ళడం కలిగినవాళ్ళ జబ్బని నాకు తెలుసు. మా ఇంట్లో పనిచేసే ఆమె అద్దెలు పెరిగి పదేళ్ళలో ఏడిళ్ళు మారింది. ఆమె సామాను ఒక ఆటోలో పడుతుంది. వాళ్ళమ్మ పాత చీరలతో కుట్టిన బొంత ఒకటుంది. “ఇల్లు మారినప్పుడల్లా ముందు దీన్నే ఎత్తుకుంటానమ్మా, గిన్నెలు తర్వాత” అంది. ఏది దాచుకోవాలో ఆమెకి ఎవరూ పుస్తకం రాసి చెప్పలేదు. చదువుకున్న నాకన్నా ఆమెకి బాగా తెలుసు.

కాబట్టి ‘ఇది అవసరమా?’ అన్నది అసలు ప్రశ్న కాదు. ఎవరి అవసరం ప్రశ్న లేకుండా పెట్టెలోకి వెళ్ళింది, ఎవరిది జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది అన్నది ప్రశ్న. భార్య స్త్రీధనం అత్తింట్లో ఉన్నా ఆమెదేనని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ స్త్రీధనం అంటే మనకి గుర్తొచ్చేది బంగారం, వెండి, చీరలు, గిన్నెలు. రాసుకున్న కాగితాలు ఏ జాబితాలో ఉన్నాయి?

మా ఇంట్లో గొడవ మూడు రోజులు నడిచింది. ఆయన లెన్సుల్ని ఒక్కొక్కటీ నా పాత నూలుచీరల ముక్కల్లో చుట్టి పెట్టింది నేనే. ఆ పని మధ్యలో ఒక ఫొటో బయటపడింది. ‘సంక్రాంతి ఉదయం’ అని పేరు. పోటీలో బహుమతి వచ్చింది. మంచులో వాకిలి నిండా ముగ్గు, మూలగా ముగ్గుపిండి వదులుతున్న ఒక చెయ్యి. ముగ్గు నాది, చెయ్యి నాది. వెనక స్టాంపు ఆయనది. ఆయన ముందు పెట్టి, నా నోటుబుక్కు తీసి అదే ముగ్గు చుక్కల లెక్కతో సహా చూపించాను. చాలాసేపు చూశారు. “నువ్వు ముందే రాసుకున్నావా ఇది? అప్పటికప్పుడు వేశావనుకున్నాను” అన్నారు. అంత కళ్ళున్న మనిషి 30 ఏళ్ళు అలాగే అనుకున్నారు. ఎన్‌లార్జరు ఒక ఫొటోగ్రఫీ విద్యార్థికి వెళ్ళింది. 14 పెట్టెలు 8 అయ్యాయి. నావి 9 నుంచి 7 అయ్యాయి. ఏ రెండు తియ్యాలో ఈసారి నేనే, నిదానంగా చదివి నిర్ణయించాను. జాబితాలో ‘ఇతరాలు’ కొట్టేసి ‘మేడం రాతలు, చేతిపని – 7, జాగ్రత్త’ అని రాయించాను.

ఇది ఒక్క ఇంట్లో గెలిచిన చిన్న తగాదా. దీనితో సరిపోదు. ఈ పత్రిక చదివే మీలో చాలామందికి 50 దాటాయి. త్వరలో మీరూ ఇల్లు మారతారు, పిల్లల దగ్గరికో, చిన్న ఫ్లాటుకో. దయచేసి మీ పెట్టెల్ని అలసిపోయిన రాత్రి ఒంటరిగా సర్దకండి. ఇంకో స్త్రీని పక్కన కూర్చోబెట్టుకోండి. ప్రతి నోటుబుక్కు మీదా పేరు, ఊరు, సంవత్సరం రాయండి. ఇంకొకరి గుట్టు ఉన్న ఉత్తరాన్ని వాళ్ళనడిగే ఎవరికైనా చూపించండి. విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్ళు ఆడవాళ్ళ మీద సదస్సులు పెట్టడంతో పాటు, ఆడవాళ్ళ అట్టపెట్టెల కోసం ఒక బీరువా అడగండి. ప్రసిద్ధ రచయిత్రులవే కాదు, లెక్కల పుస్తకం వెనక పేజీల్లో పాటలు రాసుకున్న వాళ్ళవీ తీసుకోండి.

కొత్త ఇంట్లో నా 7 పెట్టెలు విప్పాను. అమ్మ నోటుబుక్కు వాటిలో లేదు. దారం లెక్కల పక్కన ఆమె రాసుకున్న పాటల్లో నాకు రెండే గుర్తున్నాయి, అవీ సగం సగం. ఆ సగాల్ని ఒక కొత్త పుస్తకంలో రాసి, పైన అమ్మ పేరు రాశాను.