కాదనాలంటే గోడౌన్‌లో సరుకుండాలి

శ్రీసిటీలోనో రేణిగుంట పక్కనో ఏదైనా కంపెనీ స్టోర్స్‌లో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే ఒక ప్రశ్న పడుతుంది: ‘సేఫ్టీ స్టాక్ అంటే ఏంటి?’ దాదాపు అందరూ చెప్పే జవాబు ఒకటే. ‘సరుకు అయిపోకుండా అదనంగా పెట్టుకునేది సార్.’

తప్పేం కాదు, మార్కులు కూడా పడతాయి. కానీ నన్నడిగితే అది సగం జవాబే. మిగతా సగం నేర్చుకోవడానికి పెద్ద కాలేజీకి పోనక్కర్లేదు. ఒక పాఠం తిరుమల కొండ మీద ఉంది. ఇంకో పాఠం చిత్తూరు మామిడి తోటల్లో ఉంది.

లడ్డూ లెక్క

ముందు మూడు మాటలు తెలుసుకుందాం. పోటు అంటే స్వామివారి వంటశాల. ఉగ్రాణం అంటే సరుకులు దాచే గది. దిట్టం అంటే ఎన్ని ప్రసాదాలకు ఏ సరుకు ఎంత పడాలో రాసిపెట్టిన కొలత. ఎంబీఏ వాళ్లు ‘బిల్ ఆఫ్ మెటీరియల్స్’ అని ఇంగ్లిష్‌లో చదువుకునేది అచ్చంగా ఈ దిట్టమే. టీటీడీ పాలకమండలి 1950లో దీన్ని ఖరారు చేసింది, 2001లో సవరించారు.

ఆ లెక్క ప్రకారం 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, ఆవునెయ్యి 165, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4 కిలోలు. మొత్తం కలిపితే 803 కిలోలు. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి కూడి చూస్కోండి, కిలో తేడా రాదు.

ఇక మీ ముందు ఎంత పెద్ద అంకె పెట్టినా భయం లేదు. రోజుకు 3 లక్షల లడ్డూలు కావాలనుకుందాం. 3 లక్షలను 5,100తో భాగిస్తే దాదాపు 59 దిట్టాలు. నెయ్యి ఒక్కటే దాదాపు 9,700 కిలోలు. రద్దీ పెరిగి 4 లక్షలు కావాల్సొస్తే? దాదాపు 12,900 కిలోలు. అంటే ఒక్క రోజులో 3,200 కిలోల తేడా.

అందుకే ‘రోజుకు సగటున ఇంత’ అనే లెక్క మీద మాత్రమే గోడౌన్ నడవదు. శని, ఆదివారాలు వేరు, మామూలు మంగళవారం వేరు. గరుడసేవ రోజు ఇంకా వేరు. బ్రహ్మోత్సవాల ముందు లడ్డూల ‘బఫర్ స్టాక్’ గురించి పేపర్లలో వార్తలు వచ్చేది ఇందుకే.

ఫార్ములా ఒక్కటే, పేచీ రెండు చోట్ల

సూత్రం చిన్నదే. ఆర్డర్ ఇచ్చాక సరుకు చేతికొచ్చే వరకు పట్టే రోజుల్ని లీడ్ టైమ్ అంటారు. రోజు వాడకాన్ని లీడ్ టైమ్‌తో గుణించి, దానికి సేఫ్టీ స్టాక్ కలిపితే రీఆర్డర్ లెవల్ వస్తుంది. నిల్వ ఆ గీతకు దిగిందంటే ఆర్డర్ పెట్టాల్సిందే.

మరి సేఫ్టీ స్టాక్ ఎంత? చిన్న చోట్ల పనికొచ్చే సులువైన పద్ధతి ఇది. ఎక్కువలో ఎక్కువ వాడకాన్ని ఎక్కువలో ఎక్కువ రోజులతో గుణించండి. అందులోంచి సగటు వాడకం, సగటు రోజుల లెక్క తీసేయండి. మన నెయ్యి ఉదాహరణలో లీడ్ టైమ్ మామూలుగా 7 రోజులు, చెడితే 10 రోజులు అనుకుందాం. ఈ రోజులు లెక్క కోసం నేను పెట్టుకున్నవే. గడ్డు లెక్క 1,29,000 కిలోలు, మామూలు లెక్క 67,900 కిలోలు. తేడా 61,100 కిలోలు. అదే సేఫ్టీ స్టాక్.

వాడకం పెరగడం ఒక పేచీ అయితే, రోజులు పెరగడం రెండోది. కొండకు పోవాలంటే ఘాట్ రోడ్డే దారి. 2021 నవంబర్ వానలకు తిరుపతి వీధులు మునిగాయి. డిసెంబర్ 1న ఎగువ ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి. అలాంటి రోజు లారీ ఎప్పుడొస్తుందో ఏ ఎక్సెల్ షీటూ చెప్పదు.

చాలామంది రాయని కాలమ్

ఇప్పుడు ఆ మిగతా సగానికొద్దాం. 2024లో తిరుమల నెయ్యి నాణ్యత మీద గొడవ దేశమంతా వినబడింది. ఆ ఏడాది అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. ఎవరి తప్పెంత అన్నది దర్యాప్తు, కోర్టులు తేల్చే సంగతి, నేను అందులోకి పోను. నన్ను పట్టుకున్నది స్టోర్స్ ప్రశ్న. అప్పట్లో శాంపిళ్లు గుజరాత్‌లోని ఆనంద్ ల్యాబుకు వెళ్లాయి. ఏ సంస్థలోనైనా సరే, శాంపిల్ అంత దూరం పోయి రిజల్ట్ వచ్చే దాకా పొయ్యి దేనితో వెలగాలి?

దానికి జవాబు నిల్వే. పరీక్షకు పట్టే రోజులు కూడా లీడ్ టైమే. లారీ గేటు దగ్గరికి వచ్చిందంటే సరుకు వచ్చినట్టు కాదు, పరీక్షలో పాసైతేనే వచ్చినట్టు. ఆ రోజుల్ని లెక్కలో కలపకపోతే ఏమవుతుంది? పరీక్ష కాగితం మీద మిగులుతుంది, సరుకు మాత్రం వంటలోకి పోతుంది.

ఇది పెద్ద సంస్థల గొడవే అనుకోకండి. మా అక్క కొడుకు తిరుపతిలో ఒక ప్రైవేటు హాస్టల్ మెస్‌లో స్టోర్స్ చూస్తాడు. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

‘మామా, కొత్తగా వచ్చిన కందిపప్పులో పురుగుండాది. వెనక్కి పంపిద్దామంటే, మధ్యాహ్నం సాంబారు నువ్వు పెడతావా అంటా ఉండాడు మేనేజరు.’

‘పాత పప్పు ఎన్ని రోజులకు ఉందిరా?’

‘రోజులా? ఈ పూటకే చాలదు మామా.’

ఇంకేం మాట్లాడతాం? చెరిగి, ఏరి, అదే వండారు. పిల్లలు అదే తిన్నారు. పప్పు చూసే కన్ను వాడికి ఉంది, నిజాయితీ ఉంది, ధైర్యమూ ఉంది. లేనిదల్లా రెండు రోజుల పప్పు.

ఆ రాత్రి ఇద్దరం కూచొని లెక్క రాశాం. రోజుకు 25 కిలోలు. షాపు వాడు మార్చి ఇవ్వడానికి మూడు రోజులు. అంటే 75 కిలోలు ఎప్పుడూ కదలకుండా ఉండాలి, కొత్త మూట రాగానే పాతది ముందు వాడాలి. కిలో 120 చొప్పున 9 వేల రూపాయలు. ‘తొమ్మిది వేలు ఊరికే మూల పడేయాల్నా?’ అన్నాడంట మేనేజర్. ‘ఊరికే కాదు సార్, వెనక్కి పంపే హక్కు కొంటున్నాం’ అని మావాడు చెప్పాడు. ఎట్లో ఒప్పించాడు. రెండు నెలలకు ఒక లోడు నిజంగానే వెనక్కి పోయింది. ఆ తర్వాత వచ్చిన పప్పు శుభ్రంగా ఉంది. వీళ్ల దగ్గర నిల్వ ఉందని షాపు వాడికి కూడా తెలిసిపోయింది మరి.

‘జస్ట్ ఇన్ టైమ్’ అని చదివినోళ్లకు నిల్వ అంటేనే దండగ అనిపిస్తుంది. ఆ పద్ధతికి పేరు తెచ్చిన టయోటానే 2011 జపాన్ భూకంపం తర్వాత తీరు మార్చుకుంది. కీలకమైన చిప్‌లు నెలల తరబడి సరిపడా ఉంచమని సప్లయర్లకు చెప్పింది. 2021లో చిప్‌ల కరువు మొదలైనప్పుడు మిగతా కార్ల కంపెనీల కంటే కొన్ని నెలలు ఎక్కువ తట్టుకుంది.

అయితే నింపేద్దామా?

ఆగండి. చిత్తూరు పాఠం ఇక్కడే మొదలవుతుంది.

నిల్వ ఎక్కువైతే ముందు మనకే దెబ్బ. డబ్బు ఇరుక్కుంటుంది, సరుకు పాడవుతుంది. 2020 మార్చి 20న కరోనా వల్ల తిరుమల దర్శనాలు ఆగినప్పుడు వాడకం ఒక్కసారిగా పడిపోయింది. మే నెలలో 50 రూపాయల లడ్డూను కొండ దిగువన జిల్లా కేంద్రాల్లో 25కే ఇచ్చారు. లడ్డూకు ధర తగ్గించి దారి చూపించొచ్చు. అన్నిటికీ ఆ దారి ఉండదు.

చిత్తూరు తోతాపురి చూడండి. కాయ జూన్, జులైలలో వస్తుంది. పల్ప్ ఫ్యాక్టరీలు ఆ కొద్ది వారాల్లో కొని, గుజ్జు తీసి డ్రమ్ముల్లో నింపి, ఏడాదంతా అమ్ముకుంటాయి. వాళ్లకు ఆర్డర్ పెట్టే అవకాశం ఏడాదికి ఒక్కసారే. అంచనా తప్పి గుజ్జు మిగిలితే తర్వాతి సీజన్‌లో తక్కువ కొంటారు.

2025లో అదే జరిగింది. ముందటేడు గుజ్జు మిగిలి ఉంది, తోటల్లో కాయ విరగకాసింది. ధర పడిపోయింది. ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. చివరికి రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు రైతుకు అందేలా లెక్క కట్టింది. ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలపాలి.

డ్రమ్ములో గుజ్జు ఏడాది పైనే నిలుస్తుంది. కోసిన కాయ కొన్ని రోజులే ఆగుతుంది. ఫ్యాక్టరీకి సేఫ్టీ స్టాక్ ఉంది, రైతుకు లేదు. కాబట్టి లెక్క తప్పింది గోడౌన్‌లో, ఆ భారం మోసింది ట్రాక్టర్ మీద కూచున్న మనిషి.

అందుకే నా మటుకు నాకు స్టాక్ లెవల్ అంటే ఉత్త అంకె కాదు. అంచనా తప్పితే ఎవరు మోయాలి అని ముందే తీసుకునే నిర్ణయం అది. తక్కువ పెడితే తినేవాడు మోస్తాడు. ఎక్కువ పెట్టి మురగబెడితే పండించేవాడు మోస్తాడు. మధ్యలో ఆ గీత గీసేది రేపు మీరే కావచ్చు.

మీరు మెస్‌లోనో, మెడికల్ షాపులోనో, వేర్‌హౌస్‌లోనో పని చేస్తుంటే ఈ వారం ఒక పని చేయండి. మీ స్టాక్ షీట్‌లో రీఆర్డర్ లెవల్ పక్కన ఇంకో రెండు గడులు గీయండి. మొదటి గడిలో: ‘ఈ లోడు వెనక్కి పంపితే ఎన్ని రోజులు నడుస్తుంది?’ రెండో గడిలో: ‘ఈ నెల ఆర్డర్ ఆపేస్తే ఎవరి సరుకు ఆగిపోతుంది?’

మొదటి గడిలో సున్నా వచ్చిందంటే మీ దగ్గర నాణ్యత పరీక్ష లేనట్టే. రెండో గడిలో ఒక్క మనిషి పేరే వచ్చిందంటే ఆర్డర్ ఆపే ముందు ఆ మనిషికి ఒక ఫోన్ కొట్టండి.