మరమ్మతు ముందు, మార్పు తరువాత

మన పాఠశాలలో భౌతికశాస్త్రపు గదికి వెనుకనున్న చిన్న బల్లను గూర్చి యీ సంవత్సరము కొంత వివాదము జరిగినది. పైతరగతుల బాలబాలికలు కొందరు దానిమీద ఒక రేడియో ప్రసార గ్రాహకమును తమ చేతులతో తామే కట్టుచుండిరి. వేసవి సెలవులకు ముందు ఒకనాడు అందలి ట్రాన్సిస్టరు కాలి, గదియంతయు కమురువాసన నిండెను. తలిదండ్రులలో కొందరు, “ఈ పని పిల్లలకేల?” యనిరి. ఉపాధ్యాయులలో ఒకరిద్దరు బల్లను మూసివేయుటయే మేలనిరి. సిద్ధముగా దొరకు యంత్రము నొకటి కొని అద్దాల బీరువాలో నుంచినచో చూచుటకు శోభగా నుండునని మరియొకరి సలహా. నా అభిప్రాయము వేరు. బల్ల తెరచియే యుండవలెను. కాని దానియొద్ద పని జరుగు తీరు మారవలెను. ఈ రెండింటికిని నాకు గల కారణములను మనవి చేయుచున్నాను.

యంత్రమెట్టిదో యెరుగని తలిదండ్రులకొరకు ముందుగా కొన్ని మాటలు. హైదరాబాదు వాస్తవ్యులగు అష్హర్ ఫర్హాన్ గారు 2000, 2005 సంవత్సరముల నడుమ రూపొందించి, ఎల్లరును కట్టుకొనుటకు వీలుగా ప్రకటించిన ‘బిటెక్స్ 20’ అను నమూనాయే యిది. మాటలాడుటకును వినుటకును ఒక్కటే పెట్టె. 14 మెగాహెర్ట్జ్ ప్రాంతమున, అనగా ఇరువది మీటర్ల అలలమీద, పనిచేయును. పది మెగాహెర్ట్జ్ స్ఫటికములు కొన్ని, నాలుగు మెగాహెర్ట్జ్ చుట్టుపట్ల కదలించుకొనదగిన డోలకమొకటి. రెంటిని కలిపిన పదునాలుగు. విదేశపు విలువైన భాగములు దొరకనివారిని మనస్సునందుంచుకొని చేసిన నమూనా గనుక, తీగచుట్టలు చుట్టుటకు కుళాయిలో వేయు వాషరులు చాలునని ఆయన చూపిరి. కడపటి ట్రాన్సిస్టరగు ఐఆర్‌ఎఫ్ 510 కూడ రేడియోకై పుట్టినది కాదు. విద్యుత్తును ఆపుటకును విడుచుటకును స్విచ్చివలె వాడుట కది చేయబడినది. బయటకు వెడలు శక్తి సుమారు ఆరు వాట్లు. పడకగదిలో రాత్రిదీపమునకు పోలినంత శక్తి! ఆకాశపు పైపొరలు అనుకూలించిన దినమున ఆ కొద్దిశక్తితోనే మాట సముద్రములు దాటును.

ఈ నమూనాయందు నాకు మిక్కిలి యిష్టమైన గుణమొకటి గలదు. ఒకే వంతెనమీద బండ్లు ప్రొద్దున ఊరిలోనికిని సాయంకాలము ఊరి బయటకును పోవునట్లు, సంకేతము వినునపుడు ఒక దిక్కునకును పలుకునపుడు దానికి విపరీతముగను అవే భాగములగుండ నడచును. స్ఫటికముల జల్లెడ యొక్కటే, మిశ్రణము చేయు డయోడులు అవియే, డోలకములును అవియే. నడుమనున్న వర్ధకములలో మాత్రము జంట ట్రాన్సిస్టర్లుండును. వినునపు డొకటియు పలుకునపు డొకటియు మేల్కొనును. దోషము వెదకువానికి ఇంతకన్న వరమేమి కావలెను?

మా బల్లమీది యంత్రము చక్కగా వినుచుండెను, పలుకకుండెను. మైకు నొద్ద ఈల వేసినచో బయటకు వచ్చు శక్తి లెక్కింపదగినంత లేదు. అంతట మన విద్యార్థులు చేసినదేమి? కడపటి ట్రాన్సిస్టరే శక్తినిచ్చునది గావున తప్పు దానిదేయని నిశ్చయించి, దానిని పెకలించి క్రొత్తదానిని వేసిరి. ఫలము లేదు. పిమ్మట దాని విశ్రాంతి విద్యుత్ప్రవాహమును నియమించు చిన్న మరను త్రిప్పిరి. సాధారణముగా నూరు మిల్లీ ఆంపియర్ల చెంత నిలుపవలసిన దానిని, మీటరు పెట్టి చూడక, “ఇంకను కొంచెము, ఇంకను కొంచెము” అని పెంచిరి. లోనికి సంకేతమే రానపుడు ఆ ప్రవాహమంతయు వేడిగా మారుట తప్ప వేరు దారి లేదు. పొగ వచ్చినది అప్పుడే. మరుదినము మూడవ ట్రాన్సిస్టరును వేసిరి!

ఈ బాలురను నిందింపను. నేనును చిన్ననాట ఇట్టి ట్రాన్సిస్టరు వీపుననున్న లోహపు రేకునకు లోపల డ్రెయినుతో సంబంధము గలదని యెరుగక, అభ్రకపు పలుక వేయకయే దానిని పెట్టెగోడకు బిగించి, విద్యుత్తు నిచ్చితిని. తరువాతి సంగతి చెప్పనక్కర లేదు.

తప్పు వారి చేతులది కాదు, వరుసది. వారు మార్చుట మొదలిడిరి గాని వెదకుట మొదలిడలేదు. నాలుగవ ట్రాన్సిస్టరునకై వచ్చిన బాలుని కూర్చుండబెట్టి, “యంత్రము వినుచున్నది గదా, దానినిబట్టి నీకు తెలిసినదేమి?” యని యడిగితిని. వాడు కొంతసేపు పటము చూచి, “మాస్టరుగారూ, స్ఫటికముల జల్లెడ మంచిదే. డోలకములు రెండును మంచివే. డయోడులును మంచివే” యనెను. అయినచో సగము యంత్రము నిర్దోషియని మీటరు ముట్టకయే తేలినది. మిగిలినవి మైకు వర్ధకము, పలుకునపుడు మాత్రమే మేల్కొను ట్రాన్సిస్టర్లు, కడపటి మూడు శక్తివర్ధకములు. ఒక డయోడు, ఒక కెపాసిటరు చేర్చి మల్టీమీటరునకు తగిలించిన శోధనకఱ్ఱతో సరిగా నడుమ చూచితిమి. అచ్చట ఈలకు సూది కదలెను. ఇక మిగిలినవి కడపటి మూడంతస్తులే. వానిలో నడిమి ట్రాన్సిస్టరు కలెక్టరునొద్ద వోల్టేజి కొలువగా సున్న! దానికి రావలసిన పండ్రెండు వోల్టులు చిన్న తీగచుట్టగుండ రావలెను. చుట్టకు ఇవతల పండ్రెండు, అవతల సున్న. చుట్టుతీగమీది ఎనామెలును ఒక కొన సరిగా గీకలేదు. లెడ్డు పైపైన నిగనిగలాడుచు పట్టుకొనియున్నది గాని దాని క్రింద పూత అట్లే యుండెను. బ్లేడుతో రెండు గీతలు గీకి మరల అతికిన పిదప యంత్రము పలికెను. వెదకుటకు పట్టిన కాలము ముప్పాతిక గంట. అంతకుముందు గడచినవి మూడు వారములు, మూడు ట్రాన్సిస్టర్లు.

యంత్రము పలికిన మరునాడే వేరొక చిక్కు వచ్చినది. అది మార్పుల చిక్కు. ఇతరులు తమ యంత్రములకు చేసిన మార్పులను చదివి మన వారికిని ఆశ పుట్టెను. మార్పునకు నేను విరోధిని కాను. స్వయముగా కట్టిన యంత్రమును మార్చు స్వేచ్ఛయే లేనిచో కొన్న యంత్రమునకును దీనికిని భేదమేమి? డోలకము వేడెక్కినకొలది స్థానము జరుగుచు, మాటలాడువాని గొంతు మెల్లగా బొంగురుపోవుట నిజమైన లోపము. దానిని తీసి, ఎస్‌ఐ 5351 అను చిప్పును, ఆర్డ్వినో నానో పలకను పెట్టుట మంచి మార్పే. పిదప వచ్చిన ‘బిటెక్స్ 40’ లో ఫర్హాన్ గారును ఆ పద్ధతినే చేపట్టిరి. కాని ఆ చిప్పునుండి వచ్చునది నున్నని అల కాదు, చతురస్రపు అల. నాలుగు మెగాహెర్ట్జ్ తోపాటు పండ్రెండును ఇరువదియు వెంటబెట్టుకొని వచ్చును. దానిని వడగట్టక చేర్చువాడు ఒక రోగమును పోగొట్టి రెండు రోగములను తెచ్చుకొనును.

ఇంతకన్న గట్టి ఉదాహరణము గలదు. ఒక తెలివిగల విద్యార్థిని, కడపటి ట్రాన్సిస్టరునకును ఏంటెన్నాకును నడుమనున్న వడపోతను తప్పించి చూచినచో శక్తి పెరిగినదని సంతోషముతో వచ్చి చెప్పెను. కొలత అబద్ధము కాదు. ఏబది ఓముల కృత్రిమభారము మీద వడపోతతో 25 వోల్టుల శిఖరము, అనగా ఆరుంబావు వాట్లు. వడపోత లేక చూచిన దానికన్న స్పష్టముగా ఎక్కువ. కాని మన శోధనకఱ్ఱ వచ్చినదంతయు కలిపి చూపునే గాని, ఏది 14, ఏది 28, ఏది 42 అని విడదీసి చూపలేదు. పెరిగినట్లు తోచినదానిలో చాల భాగము మనకు పనికిరాని రెట్టింపు అలలే. 28 వద్ద మనవంటి ఔత్సాహికులే యుందురు, వారు తిట్టి ఊరకుందురు. 42 మన తావే కాదు; అచ్చట ఎవరి పని చెడునో మనకు తెలియదు. ఇట్టి పొరపాటు పిల్లలకే కాదు. ఫర్హాన్ గారి తరువాతి నమూనాయగు ‘మైక్రోబిటెక్స్’ తొలి రూపములలో వడపోతలను మార్చు రిలేలగుండ రెట్టింపు అలలు జారిపోవుచున్నట్లు పరీక్షించినవారు కనుగొనిరి. దానిని దాచక యెల్లరు చర్చించిరి. ఐదవ రూపమున ఆ భాగమును మార్చి కట్టిరి. లోపము బయటపడుట సిగ్గుగా భావింపని యా పద్ధతి మా బల్లకును రావలెనని నా కోరిక.

ఇక తలిదండ్రుల ప్రశ్న. జేబులో ఫోను ఉండగా ఈ పాట్లేల? 2004 డిసెంబరు 26వ తేదీన సముద్రము పొంగి అండమాన్ నికోబార్ దీవులలో టెలిఫోను మార్గములు చెడినపుడు, హైదరాబాదునందలి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ గారి బృందము, ఔత్సాహిక ప్రసారములకై వెళ్లి, నాటి పోర్టుబ్లెయిరులోనే యుండెను. క్షేమవార్తలు వారి యంత్రములగుండ ప్రధానభూమికి చేరెను. అట్టి దినమున యంత్రము మూగబోయినచో దుకాణము తెరచియుండదు. క్రొత్త ట్రాన్సిస్టర్లు మూడు చేతనుండవు. పటము, మీటరు, తల మాత్రమే యుండును. అద్దాల బీరువాలోని యంత్రము మన పిల్లలకు దీనిని నేర్పునా?

సాంప్రతము నేను కోరునది పెద్దది కాదు. బల్లమీద ఒక నోటుపుస్తకముండవలెను. ఏ భాగము తీయుటకు ముందైనను, దోషము ఏ అంతస్తున గలదని యెందుచేత అనుకొనుచున్నారో అందు వ్రాయవలెను. కారణము వ్రాయలేనివారికి టంకపు కడ్డీ ఇయ్యకూడదు. ఒకసారికి ఒక్క మార్పే. దానికి ముందు కొలత, తరువాత కొలత. మన దేశమున పరీక్షలో నెగ్గి ప్రభుత్వపు అనుమతిపత్రము పొందినవారే ఔత్సాహిక ప్రసారిణిని నడుపవలెను గనుక, అట్టి ఉపాధ్యాయుడు ప్రక్కన లేనపుడు పలుకు మీట ముట్టరాదు. ఆయన యున్నను, మార్పు చేసిన యంత్రము మొదట కృత్రిమభారము మీదనే పలుకవలెను. వేయి ఓముల, ఒక వాటు నిరోధకములు ఇరువది ప్రక్కప్రక్కన అతికిన ఆ భారము సిద్ధమగును. ఖర్చు స్వల్పము. పొగభయము గలవారికొరకు ఒక ఫ్యూజును, కిటికీ నొకదానిని తెరచియుంచుటను నేను సంతోషముతో ఒప్పుకొందును.

నోటుపుస్తకము ఇప్పటికే కొన్నాము. మొదటి పుటలో ఆ బాలుడు తానే తన మూడు ట్రాన్సిస్టర్ల లెక్క వ్రాసికొనెను. పుటకు అడుగున, గీకని తీగకొనను కత్తిరించి జిగురుతో అంటించెను. పాఠశాల వార్షికోత్సవమునాడు ఆ గది తెరచియుండును. తలిదండ్రులు వచ్చి చూడవచ్చును.